వదులు అనే మాట మానేసిన మాస్టారు

డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో కొబ్బరి ఈనెలు తీస్తున్నాను. చీపురు సగం అయింది. మా సందు చివర ఉండే చర్చి సంఘం పెద్ద సైకిలు దిగకుండానే, ఒక కాలు నేలకి ఆనించి, మాస్టారు నిద్రలోనే వెళ్ళిపోయారని, రేపు పదింటికి సమాధి అని చెప్పి ఇంకో ఇంటికి వెళ్ళిపోయాడు. నేను చెయ్యి ఆపలేదు. ఆకు ఎండితే ఈనె విరుగుతుంది. మిగతా ఆకులన్నీ చీరేసి, కట్ట కట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు గుమ్మంలో కూర్చున్నాను.

తలుచుకుంటే ముందు ఆయన మొహం గుర్తు రాలేదు. కుడి చెయ్యి గుర్తొచ్చింది.

ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే చెయ్యి తల దగ్గరికి పోదు, తలే వంగి చేతి దగ్గరికి రావాలి. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు ఆ చెయ్యి దూర్చేవారు. ఆ తర్వాత మిగతా ఒళ్ళంతా మెల్లిగా చొక్కాలోకి వెళ్ళేది. చర్చిలో పాట దగ్గర అందరూ రెండు చేతులూ ఎత్తితే ఆయన ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తేవారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒకసారి నవ్వుతూ, దేవుడికి సగమే ఇస్తున్నారేటండి మాస్టారూ అని అడిగారు. "రెండోది ఆయన ముందే తీసేసుకున్నారండి" అన్నారు ఈయన. పాస్టరు గారు మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఉద్యోగం అయిపోయి చాలా ఏళ్ళయినా పొద్దునా సాయంత్రమూ హైస్కూలు గ్రౌండులోనే ఉండేవారు. ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పేవారు. మెత్తని బంతి అని దాని పేరుట. నేను పట్టుకుని చూశాను, ఎండు కొబ్బరికాయలా ఉంది. ఆ ఆటలో బంతి విసిరే పిల్లని పిచ్చరు అంటారు. చెయ్యి ముందుకీ పైకీ వెనక్కీ చక్రంలా తిప్పి, మళ్ళీ కిందికి వచ్చాక నడుం పక్కనుంచి బంతి పంపాలి. అవతల కర్ర పట్టుకున్న పిల్ల దాన్ని కొట్టాలి. మా మనవరాలు కీర్తన పిచ్చరు.

కీర్తన మా అమ్మాయి కూతురు. అప్పటికి తొమ్మిదో తరగతి. మా అమ్మాయి అమలాపురంలో ఒక ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి దిగుతుంది. అల్లుడు మండపేట మిల్లుల లోడు లారీ తోలతాడు, వారానికోసారి కనిపిస్తాడు. పిల్ల తిండీ, చదువూ, మందలింపూ అన్నీ నా చేతిలోనే ఉండేవి. ఆటలంటే నాకు పెద్ద గౌరవం లేదు. కానీ మాస్టారంటే కొంత ఉండేది. దానికి కారణం మేజోళ్ళు. జత తప్పిన మేజోళ్ళు ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకునేవారు. వాటిలో కొబ్బరి పీచు కుక్కి, నోరు కుట్టి, పిల్లలకి బంతులు చేసేవారు. లేత భుజాలకి ముందు తేలిక బంతి ఉండాలనేవారు. పారేసే వస్తువుకి పని చెప్పే మనిషిని నేను చులకనగా చూడలేను.

పిల్లల్ని కూడా మన్నించి మాట్లాడేవారు. ఇలా రండమ్మా, అలా నిలబడండమ్మా అనేవారు. కోపం వస్తే మన్నన ఇంకా పెరిగేది. తమరు కొంచెం నీళ్ళు తాగి రండి అన్నారంటే ఆ పిల్ల ఏదో పెద్ద తప్పే చేసిందన్నమాట.

ఆ ఏడాది వర్షాలు తగ్గాక కీర్తన రెండు జడల పిల్ల ఒక్క జడకి దిగింది. అడిగితే ఫ్యాషనంది. తర్వాత తడి బట్టలు తీగ మీద ఆరెయ్యకుండా, కిందనుంచి ఎడం చేత్తో విసరడం చూశాను. ఆ పూట తలంటు పోస్తూ, చెప్పకుండా కుడి భుజం ముందు భాగం బొటనవేలితో నొక్కాను. పిల్ల అరవలేదు. కాలి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి.

"ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది అమ్మమ్మా. అమ్మకి చెప్పకు."

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను. మా అమ్మాయి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, పది రోజులు గడువు పెట్టింది. ఈలోగా తగ్గకపోతే ఆట మాన్పించేస్తానంది. భుజం పోయినవాళ్ళు జాకెట్టు హుక్కు పెట్టుకోలేక ఏడవడం తను వార్డులో రోజూ చూస్తానంది. జిల్లా జట్టు సెలక్షన్లు మూడు వారాల్లో ఉన్నాయి. కీర్తన ఆ పూట అన్నం ముట్టలేదు. కంచంలో పెట్టిన అన్నం పారెయ్యనని నేనే తిన్నాను.

మర్నాడు సాయంత్రం గొడుగేసుకుని గ్రౌండుకి వెళ్ళాను. మాస్టారిని నాలుగు మాటలు అడిగి వద్దామనే వెళ్ళాను. ఆయన అటు చివర, బంతి పట్టే పిల్ల వెనకాల నిలబడి ఉన్నారు. కీర్తన ఇటు చివర. మధ్యన నలభై అడుగుల దూరం. కీర్తన చెయ్యి తిప్పిన ప్రతిసారీ అటునుంచి "వదులు... వదులు" అని కేకేస్తున్నారు. బంతి సగం దూరంలోనే నేల తాకి దొర్లుతోంది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి, పిల్లల్ని ఆడిస్తున్నారా అరగదీస్తున్నారా అని అడిగాను. భుజం సంగతి చెప్పాను. ఒక్క జడ సంగతీ, బట్టల తీగ సంగతీ, మా అమ్మాయి పెట్టిన గడువూ చెప్పాను. ఆయన ప్రతి మాటకీ "ఆయ్" అంటూ విన్నారు. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. దాంతో నాకు మరీ ఒళ్ళు మండింది.

పిల్లని పిలిచి, ఎక్కడమ్మా అని రెండు వేళ్ళు ఆనించి చూశారు. నాకెందుకు చెప్పలేదని అడిగారు.

"కూర్చోబెట్టేస్తారనండి" అంది కీర్తన.

ఆయన నా వైపు తిరిగి, "నొప్పి అబద్ధం చెప్పదండి అక్కగారూ, పిల్లలే చెప్తారు" అన్నారు. తర్వాత ఎంతమందితోనో ఆ మాట అనగా విన్నాను గానీ, మొదట విన్నది అప్పుడే.

బంతి పక్కన పెట్టించి, ఉత్త చెయ్యి తిప్పమని చెప్పి, ఆయన మళ్ళీ తన చోటికి వెళ్ళారు. నేను పిల్ల పక్కనే నిలబడ్డాను. చెయ్యి పైకి వెళ్ళింది, వెనకనుంచి దిగింది. అటునుంచి వదులు అని వినపడింది. ఇంకా తొడ దాకా రాకుండానే పిల్ల గుప్పిట తెరిచేసింది. తెరిచాక, ఏదో మర్చిపోయినట్టు, భుజంతో ముందుకి గుంజింది. చేతిలో బంతి లేదు గనక నాకు ఆ గుప్పిట బాగా కనిపించింది.

"అక్కడెందుకే చెయ్యి తెరిచేవు?"

"మాస్టారు వదలమన్నారు కదా. ఆయన అనగానే వదిలేస్తన్నాను. అయినా మళ్ళీ వదులంటారు. ఇంకా ముందే వదలాలేమో."

నేను గొడుగు పైకెత్తి ఆయన్ని ఇటు రమ్మన్నాను. దీన్ని మీరు ఏం వదలమంటున్నారండి అని అడిగాను.

"వదలమనలేదండి. బిగుసుకుపోతంది, చెయ్యి వదులుగా ఉంచమంటన్నాను."

"అయితే అలా అనండి. వట్టి వదులు అంటే పిల్ల బంతి వదిలేస్తంది."

మన మాట అలాంటిది. ముడి వదులు, గాజు వదులు అంటే ఒక వదులు. దూడని వదులు, నీళ్ళు వదులు అంటే ఇంకో వదులు. దగ్గర కూర్చుని చెప్తే తేడా తెలుస్తుంది. నలభై అడుగుల అవతలనుంచి కేకేస్తే "గా" గాలికి పోతుంది, "వదులు" ఒక్కటే చెవిన పడుతుంది.

ఆయన గడ్డి మీద కూలబడ్డారు. ఎప్పట్నుంచమ్మా అని అడిగారు. మొదటి రోజునుంచీ అంది కీర్తన. ఎడం చేతి వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నారు. ఆరయ్యాయి. పిల్ల బిగుసుకుంటోందనుకుని ఈయన గట్టిగా అరవడం, ఈయన అరిచినకొద్దీ పిల్ల ముందే బంతి వదిలెయ్యడం, పోయిన వేగాన్ని భుజంతో లాక్కోవడం. అదంతా ఆయనకి వరసగా కళ్ళకి కట్టినట్టుంది. 

"ఈ నొప్పి మీది కాదమ్మా. నేను పెట్టేను" అన్నారు.

డెబ్బై ఏళ్ళకి దగ్గర పడిన మనిషి పద్నాలుగేళ్ళ పిల్లతో అన్నమాట అది. నేను కడిగెయ్యడానికి వెళ్ళినదాన్ని. కడగడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ రోజునుంచి ఆయన నోట వదులు అన్న మాట నేను వినలేదు. గ్రౌండులోనే కాదు, ఎక్కడా వినలేదు. బూటు తాడు లూజు అయిందనేవారు. బస్సు వదిలేశారా అని ఎవరైనా అడిగితే, లేదండి, అది మనకంటే ముందెళ్ళింది అనేవారు. పంట కాలవకి నీళ్ళు వదిలారా అని రైతులు మాట్లాడుకుంటుంటే ఆయన మాత్రం నీళ్ళు వచ్చాయా అనేవారు. ఊళ్ళోవాళ్ళు వేళాకోళానికి ఆయన చేత ఆ మాట అనిపించాలని చూసేవారు. దొరకలేదు.

మాట మానేస్తే సరిపోదు కదా, దాని బదులు ఇంకోటి కావాలి. పది రోజుల్లో మూడు రోజులు దానికే పోయాయి. జారనియ్యమ్మా అంటే పిల్లలు నవ్వారు. ఊపమ్మా అంటే కీర్తన మళ్ళీ బలం పెట్టింది. నాలుగో రోజు పొద్దున్న మా గుమ్మంలోకి వచ్చి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగారు.

"అక్కగారూ, మీరు గూడేసేరా?"

"ఏసేను."

వెయ్యకుండా ఎలా ఉంటాను. మా అమ్మా నాన్నా కూలికి వెళ్ళే మనుషులు. మూడో తరగతిలో పలక పక్కన పెట్టించి నన్ను కాలవగట్టుకి తీసుకెళ్ళారు. ఇంజన్లు లేని రోజుల్లో పల్లం కాలవలో నీళ్ళు మెరక చేలోకి గూడతోనే తోడేవారు. బుట్టకి అటు రెండు తాళ్ళు, ఇటు రెండు తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ బుట్టని నీళ్ళలో ముంచి పైన ఒలకబొయ్యాలి. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

ఆయన సైకిలుకి పాత నూనె డబ్బా ఒకటి వేలాడుతోంది. పైన కోసేసి, నాలుగు తాళ్ళు కట్టి ఉంది. కీర్తనని వెంటబెట్టుకుని ముగ్గురం గ్రౌండు పక్క కాలవ దగ్గరికి వెళ్ళాం. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఒక పక్క నిలబడ్డాను. ఆయన పంచె మడిచి రెండో పక్క నిలబడ్డారు. రేవులో గిన్నెలు తోముకుంటున్న పిల్ల ఒకతి తలెత్తి చూసింది.

"ఏటండీ అత్తగారూ, మాస్టారూ మీరూ కలిసి సార్వా పంట మొదలెట్టేరా?"

"నువ్వు గిన్నెలు చూసుకో. మసి అలాగే ఉంది" అన్నాను.

మొదటి రెండుసార్లు డబ్బా అడ్డం తిరిగింది. మూడోసారికి ఒళ్ళు గుర్తు తెచ్చుకుంది. ఆ తాడు పట్టుకుని యాభై ఏళ్ళు దాటింది. అయినా మడమలు వాటంతటవే మట్టిలో తన్నిపెట్టుకున్నాయి. గూడకి చెయ్యి భుజం దాటక్కర్లేదు, అందుకని ఆయన చెయ్యి కూడా బాగా వచ్చింది. ఆ చెయ్యి సుఖంగా కదలడం నేను చూసింది అప్పుడే. ఊపుతూనే ఆయన పిల్లని అడగడం మొదలెట్టారు.

"అమ్మమ్మగారి భుజం చూడండమ్మా. పని చేస్తందా?"

కీర్తన వంగి చూసింది. "లేదండి. నిద్రపోతంది."

"మరి నీళ్ళెవరు తోడుతున్నారు?"

పిల్ల చూపు మెల్లిగా కిందికి దిగింది. నడుం దాకా వచ్చి కొంచెం ఆగింది. ఇంకా కిందికి వెళ్ళింది. "మడమలండి."

"డబ్బా ఎక్కడ ఒలుకుతంది?"

"నడుం పక్కకి వచ్చేకండి."

"మేం ఒలికిస్తన్నామా, అదే ఒలుకుతందా?"

ఇంకో రెండు ఊపులు చూసి చెప్పింది. "అదే ఒలుకుతందండి."

ఆయన డబ్బా గట్టు మీద బోర్లించారు. తాళ్ళు చుట్టి పిల్ల చేతికి మేజోడు బంతి ఇచ్చారు. ఆ సాయంత్రంనుంచి గ్రౌండులో ఆయన వేసే కేక ఒక్కటే, గూడ. పక్క ఊళ్ళనుంచి ఆడడానికి వచ్చిన పిల్లలు అదేదో ఇంగ్లీషు మాటనుకునేవారు.

ఆ రోజు తిరిగొస్తూ ఆయన మా ఇంట్లో పెసరట్టు తిన్నారు. రెండు తిన్నాక, ఇంకొక్కటి వేసుకోండి మాస్టారూ అన్నాను. చటుక్కున చెయ్యి ప్లేటు మీద అడ్డం పెట్టారు. "రెండు వెయ్యండి, తింటాను. మూడు వెయ్యండి, తింటాను. ఆ మాట మాత్రం అనకండి అక్కగారూ" అన్నారు. నాకు అర్థం కాలేదు. కొందరికి కొన్ని పట్టింపులుంటాయి అనుకున్నాను. రెండు వేశాను. తిన్నారు.

మిగిలిన రోజులు నేను ఊపిరి బిగబట్టుకుని గడిపాను. నేను ఆముదం కాచి రుద్దుతుంటే మాస్టారు వద్దన్నారు. వాపు ఉన్న చోట వేడి పెట్టకండి, తడిగుడ్డ వెయ్యండి అన్నారు. మా అమ్మ కాలంనుంచి వస్తున్న వైద్యం మానడం నాకు ఇష్టం లేదు. మానాను. రోజు విడిచి రోజు మేజోడు బంతే. మోకాళ్ళ మీద కూర్చుని విసరడం, గోడకి విసరడం, ఇరవై అయ్యాక కూర్చోవడం. అసలు బంతి ఏడో రోజుకి గానీ చేతికివ్వలేదు. కీర్తన అద్దం ముందు ఉత్త చేత్తో తిప్పుకుంటూ నడుం దగ్గర చెయ్యి రాసుకుంటోందా లేదా అని చూసుకునేది. ఎనిమిదో రోజు కొంచెం లాగుతోందంది. ఆ రోజు బంతి ఇవ్వకుండా పంపేశారు. పిల్ల దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది.

పదో రోజు మా అమ్మాయి డ్యూటీనుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా భుజం నొక్కింది. నేను పిల్ల మొహం చూడలేదు, కాలి వేళ్ళు చూశాను. కదల్లేదు.

"సరే" అంది మా అమ్మాయి.

సెలక్షన్లు అమలాపురంలో పెట్టారు. పొద్దున్నే మాస్టారూ, కీర్తనా, నేనూ ముగ్గురం బస్సులో వెళ్ళాం. దారిలో ఆయన ఒక్కటే చెప్పారు, ముప్పై బంతులు దాటకూడదని. ఎండ ముదిరేసరికి పిచ్చరు చోటుకి ఇద్దరు పిల్లలు మిగిలారు. కీర్తన ఒకతి, రాజోలు వైపునుంచి వచ్చిన పొడుగాటి పిల్ల ఒకతి. జట్టులోకి తీసుకునేది ఒక్కరినే. కీర్తన మడమ తన్ని చెయ్యి తిప్పుతుంటే, ఆ ఒలికే చోటు నాలాంటి దానికి కూడా కనపడుతోంది. అంత బాగా వేస్తోంది. రాజోలు పిల్ల కూడా అంత బాగానూ వేస్తోంది.

ఎంపిక చేసే ఆయన టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎటూ తేల్చుకోలేక, ఇంకొక్కటి అన్నాడు. ఇద్దరూ వేశారు. ఇంకొక్కటి అన్నాడు. వేశారు. కొంచెం స్పీడుగా, ఇంకొక్కటి. ముప్పై ఎప్పుడో దాటిపోయాయి. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. లోపల నేను కూడా ఇంకొక్కటి అనే అనుకుంటున్నాను. ఇంకొక్కటి వేస్తే తీసేసుకుంటారు అనుకుంటున్నాను.

అప్పుడు కీర్తన నుదుటి చెమట ఎడం చేత్తో తుడుచుకుంది. కుడి చెయ్యి ఖాళీగానే ఉంది.

నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

మాస్టారు గీత దాటి లోపలికి నడిచారు. పరిగెత్తలేదు. తిరిగొచ్చిన బంతి పిల్ల చేతిలోకి రాగానే, ఆ అరచేతిలోంచి దాన్ని తీసుకున్నారు. చాలండి, ఈ పిల్ల ఇవాళ ఇంక వెయ్యదు అన్నారు. టోపీ ఆయన, పేరు కొట్టేస్తాను మరి అన్నాడు. కొట్టెయ్యండి అన్నారు ఈయన.

"నాకు నొప్పి లేదండి" అంది కీర్తన. "ఒట్టండి. లేదండి."

ఆయన పిల్ల మొహం చూడలేదు. భుజం చూశారు.

నేను గీత ఇవతలనుంచే, నలుగురూ వింటుండగా అన్నాను.

"మీ చెయ్యి పోయిందని నా పిల్ల చెయ్యి కట్టేస్తారా మాస్టారూ?"

ఆయన నా వైపు తిరిగారు. అవమానపడినట్టు గానీ, కోపం వచ్చినట్టు గానీ లేదు. పెసరట్టు బాగుందా అని అడిగితే ఎలా చెప్తారో అలాగే చెప్పారు.

"ఆయ్ అండి. అందుకేనండి."

అంతే. ఆ చెయ్యి ఎలా పోయిందో, ఎవరు ఇంకొక్కటి అన్నారో, ఏ గ్రౌండులోనో, అంతకు మించి నాకెప్పుడూ తెలియలేదు. అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది.

బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. తర్వాత మా అమ్మాయి పిల్లని పెద్ద డాక్టరుకి చూపించింది. కండరం వాచిందని, రెండు నెలలు బంతి ముట్టుకోవద్దని ఆయన చెప్పాడు. ఆ రోజు ఇంకో పది వేసి ఉంటే ఏమయ్యేదండి అని నేను అడిగాను. ఏమైనా కావచ్చు, ఏమీ కాకపోనూ వచ్చు, చెప్పలేమండి అన్నాడు. ఆ జవాబు నాకు ఎందుకూ పనికిరాలేదు. మాస్టారు చేసింది సరే అని ఒప్పుకోవడానికీ చాలదు, తప్పని తిట్టడానికీ చాలదు.

కీర్తన ఆయనతో మాట మానేసింది. ఆయన మాత్రం ప్రతి శనివారం సాయంత్రం మా గేటు దగ్గర సైకిలు ఆపేవారు. లోపలికి వచ్చేవారు కాదు. "నొప్పుందా అండి?" అని అడిగేవారు. ఉందనో, తగ్గిందనో నేను గుమ్మంలోంచే చెప్పేదాన్ని. ఆయ్ అని వెళ్ళిపోయేవారు. టీ ఇస్తానని నేను అనలేదు. నేను కూడా ఆ ఎడం చెయ్యి చూశానని, చూసి ఊరుకున్నానని ఆయనకి చెప్పాలని చాలా శనివారాలు నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఇప్పుడిక చెప్పడానికి లేదు.

తొమ్మిదో శనివారమో పదో శనివారమో, ఆయన ఇంకా అడగకముందే లోపలినుంచి కీర్తన గేటు దగ్గరికి వెళ్ళింది.

"రేపు ఎన్ని వెయ్యమంటారండి?"

"పదమ్మా."

"ఇరవై."

"పది. అదీ మేజోడుతో."

 ఆ రోజు టీ పెట్టాను. పంచదార నేను మామూలుగా వేసే దానికంటే ఎక్కువే వేశాను.

ఈ ఏడాది కీర్తనని జిల్లా జట్టులోకి తీసుకున్నారు. మాస్టారు అప్పటికే మంచం పట్టారు. నేనే వెళ్ళి చెప్పాను. ఆయ్ అన్నారు. కాసేపటికి, బ్యాగు ఏ భుజానికి వేసుకుంటోందండి అని అడిగారు. ఎడం భుజానికి అని చెప్పాను. కళ్ళు మూసుకున్నారు.

సమాధి దగ్గర ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు చాలామంది కనిపించారు. కొందరు చంకల్లో పిల్లల్ని వేసుకుని వచ్చారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు చూశాను, ఒక్కరూ భుజంతో విసరలేదు. వంగి, చెయ్యి కిందికి జార్చి, నెమ్మదిగా వేశారు.

నాలుగు రోజులకి మండపేటలో మ్యాచి. వెళ్ళొద్దని మా అమ్మాయి అంటుందేమో అనుకున్నాను, అనలేదు. నేను వెంట వెళ్ళాను. కొత్త కోచి చిన్న వయసు మేడం, మంచిపిల్లలాగే ఉంది. ఆట చివరికి వచ్చేసరికి మనవాళ్ళు ఒక్క రన్ను ముందున్నారు. ఆ చివరి బంతులు కీర్తన వేస్తే గెలుపు మనదే అని మేడం చప్పట్లు కొడుతోంది. పిల్లలంతా కీర్తన పేరు పిలుస్తున్నారు.

కీర్తన బంతి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత మేడం దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో చెప్పింది. మేడం ఏదో అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. బంతి పక్కనున్న చిన్నపిల్ల చేతిలో పెట్టి, వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఆ చిన్నపిల్ల వేసిన బంతులు అవతలివాళ్ళు రెండు గట్టిగా కొట్టారు. ఓడిపోయాం. మాస్టారు పోయిన బాధలో ఉంది పాపం, వెయ్యలేకపోయింది అని మిగతా పిల్లల అమ్మలు నా వెనకాల అనుకుంటున్నారు.

నేను లేచి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. కాలి వేళ్ళకేసి చూశాను, బూట్లలో ఉన్నాయి, ఏమీ తెలియలేదు. నొప్పొచ్చిందా అని అడిగాను.

"ఇంకా రాలేదు అమ్మమ్మా" అంది కీర్తన. "వచ్చేలా ఉంది."